పాత వాల్వ్ రేడియో దొరికిందా? ముందుగాల ప్లగ్గు మాత్రం పెట్టకుండ్రి

వారంల ఇద్దరు ముగ్గురన్న నన్ను అడిగే మాట ఒక్కటే. "అన్నా, మా తాత రేడియో అటక మీద దొరికింది, పెద్దది, కట్టెపెట్టెది, ప్లగ్గు పెట్టి చూడమంటవా?" వద్దు తమ్మీ, అస్సలు వద్దు. నలభై యాభై ఏండ్లు పండుకున్న సెట్టుకు ఒక్కసారే 230 వోల్టులు ఇస్తే లోపట ఎండిపోయిన కండెన్సర్లు షార్ట్ అయితయి, ఆ షార్ట్ పోయి ట్రాన్స్‌ఫార్మర్‌ను కాలుస్తది, వాల్వ్ (లోపట బల్బులెక్క ఉండే గాజు గొట్టం) అయితే వెతికితే దొరుకుతది గని ఆ సెట్టు ట్రాన్స్‌ఫార్మర్ మళ్ళ దొరకది. నా మొదటి రేడియో అట్లనే పోయింది, మోగుతదో లేదో చూద్దామని ఆగలేక పెట్టిన, రెండు నిమిషాలు గుర్ర్ అన్నది, తర్వాత ఇల్లంత కాలిన వార్నిష్ వాసన. అందుకే అడిగినోళ్ళందరికి కలిపి ఇక్కడ రాస్తున్న. థియరీ జోలికి పోను, హనుమకొండల ఒక ముసలి మెకానిక్ సాబ్ కాడ కూసోని నేర్చుకున్నది, నా చేతులు కాల్చుకోని నేర్చుకున్నది, గంతే.

ఇంక సెట్టు దొరకనోళ్ళకు ఒక మాట. మన దిక్కు ఎక్కువ దొరికేటియి 1950లు, 60లల సెట్లు: మర్ఫీ, ఫిలిప్స్, బుష్, జీఈసీ, హెచ్ఎంవీ, నేషనల్ ఎకో. కాజీపేట రైల్వే క్వార్టర్లల ఉన్నోళ్ళు, ఆజంజాహి మిల్లుల పనిచేసినోళ్ళు, గోదావరిఖని, మందమర్రి దిక్కు సింగరేణిల రిటైరైన పెద్దమనుషులు, వీళ్ళ ఇండ్లల అడిగితే అటక మీద నుంచి దిగుతయి. హైదరాబాద్‌ల అయితే ఎర్రగడ్డ ఆదివారం సంత, జుమ్మేరాత్ బజార్. "నిజాం కాలం నాటి రేడియో" అని ఎవరన్న అమ్మితే జర ఆగుండ్రి, డెక్కన్ రేడియో 1935ల మొదలైనా ఆ రోజులల రేడియో కొనగలిగినోళ్ళు మస్తు తక్కువ, అట్ల చెప్పి అమ్మేటియి శానమట్టుకు 60లల సెట్లే. కొనేటప్పుడు పైన పాలిష్ కాదు చూడాల్సింది, వెనక అట్ట తీసి చూడుండ్రి. వాల్వ్‌లు అన్నీ ఉన్నయా, డయల్ గ్లాస్ పగలకుండ ఉందా, స్పీకర్ ఉందా, ట్రాన్స్‌ఫార్మర్ మీద నల్లగ కారిన మరక ఉందా. డయల్ గ్లాస్ పలిగిన సెట్టు పుక్యానికి ఇచ్చినా ఆలోచించుండ్రి, ఎందుకంటే ఆ గ్లాస్ మళ్ళ ఎక్కడా దొరకది. "మోగుతది గని ఇప్పుడు కరెంట్ లేదు" అనేటోని కాడ చెడిపోయిన సెట్టు ధరే ఇయ్యుండ్రి.

ఏమేం కావాలె

- డిజిటల్ మల్టీమీటర్, 600 వోల్టుల డీసీ దాకా చూసేది. దాని వైర్లు తోలు లేచి ఉంటే ముందుగాల అవి మార్చుండ్రి
- 25 లేదా 40 వాట్ల సోల్డరింగ్ ఐరన్, మంచి లెడ్ (అతికించే సోల్డర్ తీగ), పాత లెడ్ గుంజే పంపు
- సీరీస్ బోర్డు, అంటే లోపట షార్ట్ ఉన్నా సెట్టు కాలకుండ బల్బు అడ్డుపడేది. ఒక హోల్డర్, ఒక సాకెట్, ఫేజ్ వైరు బల్బుల నుంచి పోయి సాకెట్‌కు రావాలె. బల్బు పాత తీగ బల్బే కావాలె, 40, 60, 100 వాట్లవి మూడు పెట్టుకోండ్రి. ఎల్ఈడీ బల్బు దీనికి పనికిరాదు
- 10 కిలో ఓముల 5 వాట్ల రెసిస్టర్ ఒకటి, రెండు దిక్కుల తోలు వైరు అతికించి, కొసలకు క్లిప్పులు పెట్టి
- 630 వోల్టుల ఫిల్మ్ కండెన్సర్లు: పాయింట్ జీరో వన్, పాయింట్ జీరో టూ టూ, పాయింట్ జీరో ఫోర్ సెవెన్, పాయింట్ వన్ మైక్రోఫారడ్‌లవి, తలా నాలుగైదు
- 450 వోల్టుల 47 మైక్రోఫారడ్ ఎలక్ట్రోలిటిక్‌లు (ప్లస్, మైనస్ ఉండే కండెన్సర్లు) రెండు మూడు, 25 వోల్టుల 47 ఒకటి రెండు
- కాంటాక్ట్ క్లీనర్, ఐసోప్రొపైల్ ఆల్కహాల్, మెత్తటి పెయింట్ బ్రష్
- ఫోటోలు తీసుకునెతందుకు ఫోను, ఒక నోట్‌బుక్

ఈ సామాన్ల కోసం కోఠి గుజరాతీ గల్లీ దాకా ఒకసారి పోయిరండ్రి, అక్కడ దొరకనిది తక్కువ. వాల్వ్‌లు మాత్రం ముందుగాలనే కొనకుండ్రి. అందరు చేసే తప్పు ఇది, రేడియో మోగలేదంటే వాల్వ్ పోయిందనుకుంటరు, నేను చూసిన సెట్లల పదిట్ల ఏడెనిమిదింటికి వాల్వ్‌లు మంచిగనే ఉన్నయి, పోయినయి కండెన్సర్లు.

1. మీది ఏ రకం సెట్టో తేల్చుకోండ్రి

దీని మీదనే మీ ప్రాణం ఆధారపడి ఉంటది కాబట్టి తొందర పడకుండ్రి. వాల్వ్ మీద రాసిన నంబర్ల మొదటి అక్షరం చూడుండ్రి.

ఇంగ్లీషు 'E' అక్షరంతోని మొదలైతే, అంటే ఈసీహెచ్81, ఈబీఎఫ్89, ఈఎల్84, ఈజెడ్80, ఇట్ల ఉంటే హీటర్లు (వాల్వ్ లోపట వేడెక్కే తీగలు) 6.3 వోల్టులయి, మామూలుగ లోపట పవర్ ట్రాన్స్‌ఫార్మర్ ఉంటది. కొత్తగ నేర్చుకునేటోళ్ళు ఇసొంటి సెట్టుతోనే మొదలుపెట్టుండ్రి.

యూ అక్షరంతోని, యూసీహెచ్81, యూఎల్84, యూవై85 ఇట్ల ఉంటే అది ఏసీ-డీసీ సెట్టు. హీటర్లన్నీ దండల పూలలెక్క సీరీస్‌ల ఉంటయి, ట్రాన్స్‌ఫార్మర్ ఉండది, ఛాసిస్ (సామాన్లన్నీ బిగించి ఉన్న లోపటి రేకు) నేరుగ కరెంట్ లైనుకే కలిసి ఉంటది. ప్లగ్గు తిప్పి పెడితే ఇనుప ఛాసిస్ మొత్తం ఫేజే. నాబ్ ఊడిపోయి లోపటి స్క్రూ కనవడుతుంటే దాన్ని ముట్టుకున్నా షాకే.

డీ అక్షరం, డీకే96, డీఎఫ్96, డీఏఎఫ్96, డీఎల్96 ఉంటే బ్యాటరీ సెట్టు. ఊర్లకు కరెంట్ రాని రోజులల 90 వోల్టుల బ్యాటరీ, ఒకటిన్నర వోల్టు బ్యాటరీతోని మోగినయి ఇవి. దీనికి ప్లగ్గు ముచ్చటే లేదు. తొమ్మిది వోల్టుల చిన్న బ్యాటరీలు పది వరుసగ కలిపితే 90 వస్తది, హీటర్‌కు పెద్ద టార్చ్ సెల్ ఒకటి చాలు. 90 వైరు పొరపాటున హీటర్‌కు తాకిందా, నాలుగు వాల్వ్‌లు ఒక్క సెకండ్ల ఖతం.

నంబర్లు చెరిగిపోతే ఎట్లంటరా? ప్లగ్గు గోడకు పెట్టకుండ, రేడియో స్విచ్ ఆన్ చేసి, మీటర్‌ను ఓముల మీద పెట్టి ప్లగ్గు ఒక్కొక్క పిన్నుకు ఛాసిస్‌కు మధ్యల చూడుండ్రి. రెండు పిన్నులకు ఏం చూపియ్యకపోతే ట్రాన్స్‌ఫార్మర్ వేరు చేసి ఉన్నట్టు. ఏ ఒక్క పిన్నుకైనా తక్కువ ఓములు చూపిస్తే అది ఛాసిస్‌కు కరెంట్ వచ్చే సెట్టే అనుకోండ్రి. ట్రాన్స్‌ఫార్మర్ కనవడ్డా ఈ టెస్టు చెయ్యుండ్రి, కొన్నిట్ల ఆటో ట్రాన్స్‌ఫార్మర్ ఉంటది, అది చూస్తెందుకు ట్రాన్స్‌ఫార్మరే గని కాపాడది.

యూ రకం సెట్టు మీద పని చెయ్యాలంటే 1:1 ఐసోలేషన్ ట్రాన్స్‌ఫార్మర్ (వోల్టులు మార్చకుండ సెట్టును లైను నుంచి వేరు చేసేది) ఉండాలె. లేదంటే మెకానిక్‌కు ఇయ్యుండ్రి. దీంట్ల మొహమాటం లేదు.

2. విప్పే ముందు ఫోటోలు

వెనక, కింద, పక్కల, ప్రతి వాల్వ్ ఏ సాకెట్‌ల ఉందో, ఏ రంగు వైరు ఏడికి పోతుందో. యాభై ఫోటోలు ఎక్కువ కాదు. డయల్ తాడు ఏ పుల్లీ మీద నుంచి ఎన్ని చుట్లు తిరిగిందో ఫోటో కాదు, నోట్‌బుక్‌ల బొమ్మ గీయుండ్రి. తాడు తెగినంక గీద్దామంటే రాదు. తెగితే చేపల గాలం నైలాన్ వెయ్యకుండ్రి, జారుతది, పాత రేడియో సామాన్ల దుకాణంల అల్లిన డయల్ తాడు అని అడగుండ్రి.

తర్వాత నాబ్‌లు గుంజుండ్రి. రాకపోతే స్క్రూడ్రైవర్ పెట్టి లేపకుండ్రి, బేకలైట్ పలుగుతది. నాబ్ వెనక ఒక గట్టి గుడ్డ చుట్టి ఆ గుడ్డను పట్టుకోని నిమ్మలంగ ముంగటికి గుంజితే వస్తది. పక్కకు స్క్రూ ఉందేమో ముందుగాల చూడుండ్రి, శానామంది ఆ స్క్రూ చూడకనే గుంజి ఇరగ్గొడ్తరు.

3. దుమ్ము, ఎలుకల ఖాతా

అటక మీద సెట్టంటే లోపట ఎలుకల గూడు పక్కా. మూతికి మాస్క్ కట్టుకోని బయట ఎండల కూసోని మెత్తటి బ్రష్‌తోని దులపుండ్రి. కొన్ని సెట్లల వేడి తగిలే కాడ తెల్లటి నారలెక్క అట్ట ఉంటది, అది ఆస్బెస్టాస్ కావచ్చు, దాన్ని గీకకుండ్రి, ఊదకుండ్రి. గ్యాంగ్ కండెన్సర్ (స్టేషన్ నాబ్‌తోని తిరిగే రేకుల కండెన్సర్) రేకులు వంగద్దు, ఒక్క రేకు ఒక్క దిక్కు ఒరిగి తాకినా ఆ మూల స్టేషన్లు మాయం.

వాల్వ్ గాజు మీద అక్షరాలు తుడిస్తే పోతయి, పిన్నులు మాత్రమే ఆల్కహాల్‌తోని తుడవుండ్రి. వాల్వ్ పైన లోపట వెండి మరక మెరుస్తుంటే గాలి దూరలేదని అర్థం. అది తెల్లగ పాలలెక్క అయితే ఆ వాల్వ్ సచ్చింది, అనుమానమే లేదు.

డయల్ గ్లాస్ సంగతి మాత్రం బాగ వినుండ్రి. పేర్లు గ్లాస్ వెనక దిక్కు పెయింట్‌తోని అచ్చేసి ఉంటయి, ఆ పెయింట్ ఇన్నేండ్లకు పొడైపోయి ఉంటది. నేను ఒకసారి మా మేనమామ మర్ఫీ సెట్టు గ్లాస్‌ను మంచిగ సబ్బునీళ్ళతోని కడిగిన, తెల్లగ మెరిసింది, చూస్తే ఢిల్లీ లేదు, మద్రాస్ లేదు, సిలోన్‌ల 'సి' ఒక్కటే మిగిలింది. మామ ఏం అనలేదు, అదే ఎక్కువ బాధ. ముంగటి దిక్కు తడిగుడ్డ పెట్టుకోవచ్చు. వెనక దిక్కు పొడి బ్రష్ తప్ప ఏదీ తగలొద్దు, వేలు కూడ.

4. కరెంట్ వైరు మార్చుడు

బట్ట చుట్టిన పాత వైరు ఎంత మంచిగ కనవడ్డా లోపటి రబ్బరు పొడి పొడి అయి ఉంటది. తీసెయ్యుండ్రి. ట్రాన్స్‌ఫార్మర్ ఉన్న సెట్టుకు మూడు తీగల వైరు వేసి పచ్చది ఛాసిస్‌కు గట్టిగ బిగించుండ్రి, ఒక ఆంపియర్ ఫ్యూజ్ కూడ పెట్టుండ్రి. ఛాసిస్‌కు కరెంట్ వచ్చే రకానికి పచ్చ వైరు ఎప్పటికీ ఛాసిస్‌కు కలపద్దు. దానికి రెండు తీగలే, న్యూట్రల్ ఛాసిస్ దిక్కు, ఫేజ్ స్విచ్ దిక్కు వచ్చేటట్టు పెట్టుకోండ్రి, అయినా సాకెట్ల తిప్పిపెడితే తలకిందులే, కాబట్టి వెనక అట్ట లేకుండ ఆ సెట్టు ఇంట్ల పెట్టొద్దు.

వోల్టేజ్ సెలెక్టర్ ఉంటే చూడుండ్రి. 110 మీద ఉండి మీరు ఆన్ చేసిన్రంటే ఇగ అంతే. 220, 245 అని రెండు ఉంటే 245 మీద పెట్టుండ్రి, ఇప్పటి లైనుకు అదే నయం.

5. ట్రాన్స్‌ఫార్మర్ బతికుందా

ఇది ట్రాన్స్‌ఫార్మర్ సెట్లకే. వాల్వ్‌లన్నీ తీసి పక్కకు పెట్టి, సీరీస్ బోర్డుల 40 వాట్ల బల్బు పెట్టి ఇప్పుడు ప్లగ్గు పెట్టుండ్రి. బల్బు ఒకసారి మినుకుమని ఆరిపోవాలె, లేదంటే కనవడీ కనవడనట్టు ఎర్రగ ఉండాలె. డయల్ లైట్లు గుడ్డిగ వెలుగుతయి. అరగంట ఉంచుండ్రి, ప్లగ్గు తీసినంక ట్రాన్స్‌ఫార్మర్‌ను చేత్తోని ముట్టి చూడుండ్రి, కొంచెం గోరువెచ్చగ ఉంటే పాస్. బల్బు బగ్గ వెలిగితే చుట్లు షార్ట్ అయినట్టు. డయల్ లైటు హోల్డర్ షార్ట్ అయినా అట్లనే అయితది, అది ఒకసారి విప్పి మళ్ళ చూసినంకనే ట్రాన్స్‌ఫార్మర్ మీద ఏడువుండ్రి.

6. కండెన్సర్లు: అసలు పని ఇదే

ముందుగాల ఒక అలవాటు చేసుకోండ్రి. ఛాసిస్‌ల చెయ్యి పెట్టే ప్రతిసారి ప్లగ్గు గుంజి, ఆ 10 కిలో ఓముల రెసిస్టర్‌ను పెద్ద కండెన్సర్ ప్లస్‌కు ఛాసిస్‌కు తగిలించి పది సెకండ్లు ఉంచి, మీటర్‌తోని సున్నా అయిందని చూసి, గప్పుడు ముట్టుకోండ్రి. స్క్రూడ్రైవర్‌తోని టప్పుమనిపించుడు సినిమాలల బాగుంటది.

మైనం పూసినయి, చాక్లెట్ రంగు గొట్టాలు, కాగితం చుట్టినయి, ఇవన్నీ పేపర్ కండెన్సర్లు. సెట్టుకు పది పన్నెండు ఉంటయి. మీటర్ మీద మంచిగనే చూపిస్తయి, నమ్మకుండ్రి, 200 వోల్టులు పడ్డంకనే లీక్ అయితయి. అన్నీ మార్చుండ్రి. అన్నీ ఒక్కసారి కత్తిరించి కుప్ప పోసుకుంటే మాత్రం ఆగమే. ఒకటి తీయాలె, ఒకటి వెయ్యాలె, నోట్‌బుక్‌ల గీత పెట్టాలె, మళ్ళ ఇంకోటి. విలువ అంతే ఉండాలె, వోల్టేజ్ ఎక్కువున్నా నష్టం లేదు.

అన్నిట్లకంటే ముందు మార్చాల్సింది ఈఎల్84 (స్పీకర్‌ను మోగించే అవుట్‌పుట్ వాల్వ్) రెండో పిన్నుకు (పిన్నుల లెక్క ఎనిమిదో స్టెప్పుల చెప్పిన) పోయే పాయింట్ జీరో వన్ లేదా పాయింట్ జీరో టూ టూ. ఇది లీక్ అయితే అవుట్‌పుట్ వాల్వ్ ఎర్రగ కాలుతది, దాంతోని స్పీకర్‌కు కలిసున్న అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్ పోతది. మెకానిక్ సాబ్ దీన్ని "ఇల్లు కూల్చే కండెన్సర్" అంటుండె.

కరెంట్ లైనుకు అడ్డంగ ఉన్న కండెన్సర్‌కు మాత్రం మామూలుది పనికిరాదు, ఎక్స్2 అని రాసున్నది వెయ్యాలె. ఛాసిస్‌కు కరెంట్ వచ్చే సెట్లల ఏరియల్, ఎర్త్ సాకెట్ల కాడ ఉండేటియి వై2 రకమే వెయ్యాలె, అది షార్ట్ అయితే ఏరియల్ తీగకు కరెంట్ వస్తది, ఆ తీగ దండెం పక్కనే ఉంటది ఇంట్ల.

పెద్ద అల్యూమినియం డబ్బా, 32+32 అనో 50+50 అనో రాసుంటది, అది ఫిల్టర్. డబ్బా అందానికి పైన అట్లనే ఉంచి వైర్లు దాని నుంచి విప్పి కొత్త 47లు కింద పెట్టుండ్రి. పాతదాన్ని విప్పకుండ దాని మీదనే కొత్తది కలుపుతరు కొంతమంది, పాతది లీక్ అయితుంటే కొత్తది ఏం చేస్తది? 47 పెట్టమన్న గదా అని 220 పెట్టకుండ్రి, ఈజెడ్80 లాంటి రెక్టిఫయర్ వాల్వ్ (ఏసీని డీసీ చేసేది) 50 దాకనే తట్టుకుంటది. ప్లస్ మైనస్ మూడుసార్లు చూసుకోండ్రి, తిప్పి పెడితే పేలుతది, మొఖం పైన పెట్టుకోని ఆన్ చెయ్యకుండ్రి.

మైకా, సిరామిక్ బిళ్ళలు, ఐఎఫ్ డబ్బాల (లోపట ట్యూనింగ్ చుట్లుండే చిన్న రేకు డబ్బాలు) లోపటివి ముట్టుకోవద్దు, అవి మనకంటే ఎక్కువ బతుకుతయి.

7. రెసిస్టర్లు

పాతయి వయసు మీద పడేకొద్ది విలువ పెరుగుతయి. సర్క్యూట్‌ల ఉన్నప్పుడే చూడుండ్రి, రాసినదానికంటే ఎక్కువ చూపిస్తే అది పక్కా పోయినట్టే, ఎందుకంటే పక్క దారులు విలువను తగ్గిస్తయి గని పెంచవు. తక్కువ చూపిస్తే ఒక కాలు విప్పి మళ్ళ చూడాలె. 20 శాతం దాటితే మార్చుండ్రి. కొన్ని పాత సెట్లల రెసిస్టర్ మీద రంగు పట్టీలు ఉండయి, దాని ఒళ్ళంత ఉన్న రంగు మొదటి అంకె, కొస రంగు రెండోది, మధ్యల చుక్క సున్నాలెన్నో చెప్తది.

8. మొదటిసారి ఆన్ చేసుడు

స్పీకర్ కలిపి ఉందా చూడుండ్రి, స్పీకర్ లేకుండ ఆన్ చేస్తే అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్‌కు ముప్పు. ఆ ట్రాన్స్‌ఫార్మర్ మొదటి చుట్టును ఓములల చూడుండ్రి, కొన్ని వందలు రావాలె. ఏం రాకపోతే తెగినట్టు, ఆన్ చెయ్యకుండ్రి, చేస్తే ఈఎల్84 లోపటి స్క్రీన్ నిప్పులెక్క ఎర్రగయితది.

వాల్వ్‌లు పెట్టి, సీరీస్ బోర్డుల 60 బల్బు, కట్టె బల్ల మీద సెట్టు, కాళ్ళకు చెప్పులు, ఎడమ చెయ్యి జేబుల. ఇంట్ల ఇంకో మనిషి ఉండాలె, పిల్లలు ఉండొద్దు. ఆన్ చేయంగనే బల్బు మంచిగ వెలుగుతది, తర్వాత తగ్గుతది, వాల్వ్‌లు వేడెక్కినంక ఇంకొంచెం పెరిగి నిలబడ్తది. అట్ల కాకుండ నిండుగ వెలుగుకుంటనే ఉంటే వెంటనే బంద్ చేసి ఆరో స్టెప్పుకు పోండ్రి. పదిహేను నిమిషాలు మంచిగుంటే 100 బల్బు, అది కూడ మంచిగుంటే నేరుగ లైను.

ఇప్పుడు కొలతలు. మీటర్ నల్ల వైరు క్లిప్పుతోని ఛాసిస్‌కు, ఎర్ర వైరు ఒక చేత్తోని. సాకెట్‌ను కింద నుంచి చూస్తే పిన్నుల మధ్యల ఒక ఖాళీ ఉంటది, అక్కడి నుంచి గడియారం ముల్లు తిరిగినట్టు 1, 2, 3 లెక్కపెట్టుండ్రి.

ఈజెడ్80 మూడో పిన్ను: సుమారు 250 నుంచి 300 వోల్టులు. ఈఎల్84 రెండో పిన్ను: సున్నా. ఒక్క వోల్టు ప్లస్ ఉన్నా ఆ ఇల్లు కూల్చే కండెన్సర్ మార్చలేదన్నట్టు, లేదంటే వాల్వ్ లోపట గ్యాస్ పట్టింది. ఈఎల్84 మూడో పిన్ను: 6 నుంచి 8 వోల్టులు. 12, 13 ఉంటే వాల్వ్ మస్తు కరెంట్ తాగుతుంది. పది నిమిషాలైనంక మళ్ళొకసారి కొలువుండ్రి, చల్లగున్నప్పుడు పాసై వేడెక్కినంక ఫెయిలయ్యేటియి ఉంటయి.

వాల్వ్ నిజంగనే పోతే బెంగళూరు బీఈఎల్ (భారత్ ఎలక్ట్రానిక్స్) వాళ్ళు చేసినయి వెతకుండ్రి, మన దేశపు సెట్లకు సరిగ్గ సరిపోతయి, విదేశీ పేరున్న వాటికంటే సౌకగ దొరుకుతయి.

9. మోగింది గని...

వాల్యూమ్ సున్నా పెట్టినా గుయ్యిమంటుంటే ఫిల్టర్ కండెన్సర్. వాల్యూమ్‌తోని పాటు గుయ్యి పెరుగుతుంటే వాల్యూమ్ కంట్రోల్ వైర్లు, దానికి ముంగటి వాల్వ్. నాబ్ తిప్పుతుంటే కరకర అంటే ప్లగ్గు తీసి కంట్రోల్‌ల, బ్యాండ్ స్విచ్‌ల రెండు చుక్కల కాంటాక్ట్ క్లీనర్ వేసి ముప్పైసార్లు తిప్పుండ్రి. తుప్పు వదిలిచ్చే నూనె స్ప్రేలు కొట్టకుండ్రి, బ్యాండ్ స్విచ్ బిళ్ళలు చెడిపోతయి. డయల్ ఒక దిక్కే స్టేషన్లు వస్తుంటే ఈసీహెచ్81 బలం తగ్గింది. గొంతు బొంగురు పోతే స్పీకర్ కాగితం చూడుండ్రి, చినిగితే టిష్యూ పేపర్ ముక్క, నీళ్ళు కలిపిన ఫెవికాల్, పలచగ, గంతే, మందంగ పూస్తే స్పీకర్ బిగుసుకుంటది.

ఐఎఫ్ డబ్బాల మీది మరలు తిప్పకుండ్రి. లూజుగున్నయని టైట్ చేసినమని చెప్పి నా కాడికి తెచ్చిన సెట్లు ఎన్నో. అవి బిగించే మరలు కావు, ట్యూనింగ్, సిగ్నల్ జనరేటర్ లేకుండ తిప్పితే రేడియో ఎట్లున్నది అట్లనే ఉండి స్టేషన్లు మాత్రం ఉండయి. స్క్రూడ్రైవర్ పెడితే లోపటి కోర్ కూడ పలుగుతది.

10. స్టేషన్లు ఎందుకు వస్తలేవు

అందరు అడిగేది, "వరంగల్ ఎఫ్ఎం వస్తదా?" రాదు. మన దేశంల అప్పుడు అమ్మిన సెట్లకు ఎఫ్ఎం బ్యాండే లేదు. మీడియం వేవ్, షార్ట్ వేవ్, అంతే. డయల్ మీద మీటర్లుంటే 3,00,000ను కిలోహెర్ట్జ్‌తోని భాగించుండ్రి. హైదరాబాద్ 738 అంటే 406 మీటర్ల కాడ ముల్లు పెట్టాలె, విజయవాడ 837 అంటే 358 కాడ. ఈ రెండు సరిగ్గ ఆ కాడనే దొరికితే మీ డయల్ తాడు సరిగ్గున్నట్టు, జర పక్కకుంటే ముల్లును తాడు మీద జరుపుండ్రి, మరలు ముట్టకుండ్రి.

పగటిపూట బలహీనంగ ఉంటది, పొద్దుగూకినంక దూరం స్టేషన్లు లేస్తయి. అప్పుడు కూడ గరగరే అయితే తప్పు రేడియోది కాదు, ఇంట్ల ఎల్ఈడీ బల్బులు, ఫోన్ ఛార్జర్లు, ఇన్వర్టర్. రేడియో ఉన్న లైను తప్ప మిగిలిన ఎంసీబీలు ఒక్కొక్కటి దించి చూడుండ్రి, ఎక్కడ గరగర ఆగితే దొంగ అక్కడ. మా ఇంట్ల అది దేవుని గూటి ముంగట మెరిసే లైట్ల దండ, అమ్మతోని ఒప్పందం ఏందంటే రేడియో పెట్టిన గంట సేపు దేవునికి నూనె దీపమే.

ఏరియల్‌కు ఒక పది మీటర్ల తీగ డాబా మీద కట్టుండ్రి, కరెంట్ తీగలకు మాత్రం ఆమడ దూరం. వెనకట ఇండ్లల గోడ వెంబడి రాగి జాలీ పట్టీ కట్టేటోళ్ళు, అది దొరికితే ఇంకా అందం. మబ్బు పట్టినప్పుడు తీగ సాకెట్ నుంచి గుంజి బయటపడెయ్యుండ్రి.

షార్ట్ వేవ్‌ల వెనకటి సందడి లేదు, శాన స్టేషన్లు బంద్ అయినయి. అందుకని సెట్టు వెనక పీయూ అని రెండు సాకెట్లు ఉంటే గ్రామఫోన్ కోసం పెట్టినయి, వాటికి బ్లూటూత్ రిసీవర్ కలుపుకోవచ్చు. ఎడమ, కుడి రెండు వైర్లకు తలా ఒక కిలో ఓము రెసిస్టర్ వేసి ఒక్కటి చెయ్యుండ్రి. ఇది ట్రాన్స్‌ఫార్మర్ సెట్లకే, ఛాసిస్‌కు కరెంట్ వచ్చే దాంట్ల పీయూ సాకెట్‌కు వైరు పెట్టి ఫోనుకు కలిపితే చెవుల ఇయర్‌ఫోన్ ఉన్నోని సంగతి ఆలోచించుండ్రి.

11. పెట్టె

ఇది ఆఖరుకే చెయ్యాలె, ఛాసిస్ బయట ఉన్నప్పుడు. పుప్పి బొక్కలు ఉంటే సూదితోని మందు ఎక్కించి కవర్ల మూటగట్టి వారం ఉంచుండ్రి. పైన కనవడేది గట్టి టేకు కాదు, కాగితమంత పలచటి వెనీర్, మిషన్ పెట్టి రుద్దితే లోపటి ప్లైవుడ్ తేలుతది. 400 నంబర్ గీరుకాగితం చేత్తోని, నార దిక్కుకే. లేచిన మూలలకు ఫెవికాల్ ఎక్కించి బరువు పెట్టుండ్రి. తర్వాత వడ్లాయన కాడికి పోయి స్పిరిట్ పాలిష్ (లక్క పాలిష్) అని చెప్పుండ్రి, మెరిసే పాలీయురేథేన్ పాలిష్ కొట్టిస్తే కొత్త టీపాయ్ లెక్క ఉంటది, రేడియో లెక్క ఉండది. వానకాలంల లక్క పాలిష్ చేయిస్తే తేమకు తెల్లమబ్బు పడ్తది, చలికాలం దాకా ఆగుండ్రి.

బేకలైట్ పెట్టె అయితే బ్రాసో, మెత్తటి గుడ్డ, ఓపిక. నీళ్ళల నానపెట్టొద్దు.

స్పీకర్ బట్ట చినగకపోతే మార్చకుండ్రి, మాసినా పర్వాలేదు. దాని వెనక గాలి ఆడాలె కాబట్టి గోడకు ఆనించి పెట్టకుండ, నాలుగు వేళ్ళ సందు ఇడవుండ్రి, మీద టేబుల్ క్లాత్ కప్పి పూలకుండీ పెట్టేటోళ్ళున్నరు, ఆన్ చేసినప్పుడు అన్న అవి తీయుండ్రి. పదిహేను రోజులకు ఒక్కసారి గంట సేపు మోగియ్యుండ్రి, కొత్త ఎలక్ట్రోలిటిక్‌లు కూడ ఏండ్లకేండ్లు ఖాళీగ ఉంటే మళ్ళ మొదటికే వస్తయి. ఆరు నెలలు దాటి ఊరికే ఉంటే మళ్ళ సీరీస్ బోర్డు మీద నుంచే మొదలుపెట్టుండ్రి.